వంట మానేసిన ఆకు

ఉల్లిపాయలు తరుగుతూ కన్నీళ్లు పెట్టుకోవడం నాకు నలభై అయిదేళ్లుగా అలవాటు. ఆ కన్నీళ్లలో ఉల్లిపాయ వాటా ఎంతో, నా సొంత వాటా ఎంతో ఇన్నేళ్లు కాపురం చేసిన మావారికి కూడా తెలియదు. వంటింట్లో ఏడ్చేవాళ్లకి ఉల్లిపాయను మించిన స్నేహితురాలు లేదు. ఎవరైనా అడిగితే దానిమీదికి నెట్టేయొచ్చు.

మొన్న దసరా సెలవుల్లో ఒకరోజు పొద్దున్న అలా తరుగుతూ కూర్చుంటే మా మనవరాలు పక్కకొచ్చి నిలబడింది. ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతోంది. చేతిలో వృక్షశాస్త్రం పుస్తకం.

"నానమ్మా, నువ్వు కోస్తున్నది గడ్డ కాదు తెలుసా? ఆకులు!"

"చదవేస్తే ఉన్న మతి పోయిందని ఇందుకే అంటారే" అన్నాను.

అది ఊరుకుంటుందా! ఒక ఉల్లిపాయను నిలువునా రెండు చెక్కలు చేసి చూపించింది. అడుగున వేళ్లంటుకుని చిన్న బిళ్ల ఉంటుంది చూశారూ, మనం కోసి పారేస్తామే, అదే కాండమట. దాని చుట్టూ ఒకదాన్నొకటి కప్పుకుని కూర్చున్న దళసరి పొరలన్నీ ఆకుల అడుగు భాగాలట. పైన గలగలలాడే పొట్టు కూడా ఎండిన ఆకేనట. వెలుతురు తగలని మట్టిలో ఉండి, పచ్చదనం వదులుకుని, మొక్క సంపాదించిందంతా తనలో దాచుకుని లావెక్కిన ఆకులన్నమాట. వెల్లుల్లి రెబ్బ సంగతీ అంతే.

"మరి ఆలుగడ్డో?"

"అది కాండం."

"చిలగడదుంప?"

"అది వేరు."

ఒక్క బుట్టలో పడి దొర్లుతున్నవాటికి ఇన్ని వేరు వేరు పుట్టుకలా అని నోరు తెరిచాను. ఎన్ని వేల ఉల్లిపాయలు తరిగానో! ఆకుకూర తరుగుతున్నానని ఒక్కనాడైనా అనుకోలేదు.

సరే, అసలు విషయానికొస్తాను. కాలేజీలో దానికి పత్ర రూపాంతరాల పాఠం జరుగుతోంది. అంటే వేషం మార్చిన ఆకులు. సెలవులైపోయేలోగా నాలుగైదు రకాలు చూసి, బొమ్మలు గీసి, రికార్డు రాసుకుపోవాలి. "ఆకు అసలు పనేమిటో చెప్పు నానమ్మా" అని నాకే పరీక్ష పెట్టింది.

"విస్తరి కుట్టుకోడానికి" అన్నాను.

"కాదు, వంట! ఎండ మంట, గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడు, వేళ్లు పంపిన నీళ్లు, ఈ మూడూ పెట్టి చెట్టు మొత్తానికీ వండి పెడుతుంది. కిరణజన్య సంయోగక్రియ అంటే అదే. అయితే కొన్ని మొక్కల్లో ఆకు వంట మానేస్తుంది."

వంట మానేస్తుంది అన్న మాట దగ్గర నా కత్తిపీట ఆగింది. ఎందుకాగిందో చెప్పాలంటే ఎంగిలిపూల బతుకమ్మనాటి సంగతి చెప్పాలి.

మా కోడలు ఆదిభట్ల వైపు ఒక కంపెనీలో రాత్రి డ్యూటీ చేస్తుంది. చీకటి పడుతుండగా కారొచ్చి తీసుకుపోతుంది, తెల్లవారుజామున మూడున్నరకి దింపుతుంది. పగలంతా కిటికీలు మూసుకుని నిద్ర. కాఫీ దగ్గర్నుంచి రాత్రి పెరుగు తోడు పెట్టేదాకా వంటిల్లు నా చేతి మీదే. ఆ రోజు మా ఆడబిడ్డ నల్లగొండ నుంచి వచ్చింది. గునుగుపూలు కట్టలు కడుతూ, "కోడలు లేవలేదా వదినా?" అని అడిగింది. మామూలుగానే అడిగింది. నాకే ఎక్కడో కలుక్కుమంది. "మా కోడలికి వంటిల్లు ఏ దిక్కున ఉందో కూడా జ్ఞాపకం లేదమ్మా" అన్నాను.

తలెత్తితే గుమ్మంలో కోడలు. ఎప్పుడు లేచొచ్చిందో! ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, మాతో పూలు పేర్చడానికే వచ్చినట్టుంది. ఒక్క మాట కూడా అనలేదు. సాయంత్రం బ్యాగు తగిలించుకుని, "వెళ్లొస్తా అత్తమ్మా" అని వెళ్లిపోయింది. అప్పట్నుంచీ మా మధ్య "మందు వేసుకున్నారా", "పాలు వచ్చాయా" తప్ప మాటల్లేవు. పోట్లాడే మనిషైతే నాకింత కష్టం ఉండకపోను.

ఆ మధ్యాహ్నం మనవరాలితో కలిసి ఆకుల వేటకి బయల్దేరాను. పెరట్లోనే మొదలుపెట్టాం. గోడ మీద కాగితం పూలు విరగబూసి ఉన్నాయి. అవి పూలు కావట! ఆ గులాబిరంగు కాగితాలు మూడూ రంగేసుకున్న ఆకులు. మధ్యలో సన్నగా, తెల్లగా, గొట్టాల్లా ఉన్నాయే, అవి అసలు పూలు. వాటిని పురుగులు పట్టించుకోవని, ఆకులు వాటి తరపున సింగారించుకుని పిలుస్తాయట. పెళ్లిచూపుల్లో పిల్లకంటే పిల్ల మేనత్త పట్టుచీర ఎక్కువ మెరిసినట్టు.

గులాబీ ముల్లు ఆకేనా అని అడిగాను. కాదట. అది ఒట్టి చర్మం మీద లేచిన బుడిపె. బొటనవేలితో పక్కకి నొక్కితే ఊడొస్తుంది. దానిమ్మ ముల్లు మొన తేలిన కొమ్మ. రేగుముల్లు మాత్రం ఆకు తాలూకుదే. ఆకుకాడ మొదట్లో చెరో పక్కా పత్రపుచ్ఛాలని రెండు చిన్న తోకలుంటాయట, అవి గట్టిపడి ముళ్లయ్యాయి. ఒకటి సూదిలా నిటారుగా ఉంటుంది, రెండోది కొక్కెంలా వంగి ఉంటుంది. ఒకదాన్నుంచి తప్పుకున్నవాడు రెండోదానికి చిక్కుతాడు. తుమ్మముళ్లు కూడా ఇలాంటివే. చూపుకి అన్నీ ముళ్లే. దేన్నుంచి పుట్టిందో తెలియాలంటే అది ఎక్కడ మొలిచిందో చూడాలి. ఆకు ఎక్కడున్నా దాని చంకలో ఒక మొగ్గ ఉంటుందట. ముల్లే మొగ్గ స్థానంలో ఉంటే అది కొమ్మ. ముల్లు చంకలో మొగ్గ ఉంటే అది ఒకప్పటి ఆకు.

రోడ్డు పక్కన ఆస్ట్రేలియా తుమ్మ ఉంది కదా, దానిది మరో కథ. మొలకగా ఉన్నప్పుడు మామూలు తుమ్మలాగే చిన్న చిన్న రెబ్బల ఆకులు వేస్తుంది. పెద్దదయ్యేకొద్దీ ఆ రెబ్బలు రావడం మానేస్తాయి. ఆకుకాడే వెడల్పై, పచ్చబడి, వంట బాధ్యత నెత్తికెత్తుకుంటుంది. మనం కొడవళ్లలా ఉన్న ఆకులనుకునేవన్నీ కాడలే. తల్లి చేయలేని ఇంట్లో పెద్దకూతురు పొయ్యి దగ్గర కూర్చున్నట్టుగా ఉంటుంది.

ముళ్లకోసం, తీగలకోసం చెరువు కింద పొలానికి పోయాం. అక్కడికొస్తే మా అత్తగారు గుర్తు రాకుండా ఉండరు.

నాది బెజవాడ. 1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లాని విడదీసి రంగారెడ్డి జిల్లా చేశారు; ఆ మరుసటేడు నేను ఈ ఇబ్రహీంపట్నం కోడలినయ్యాను. మా అమ్మ కార్డు మీద జిల్లా పేరు వేయడం మరిచిపోతే, బెజవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నంలో దిగబడేది ఉత్తరం. నేనిక్కడ అమ్మ మరిచిపోయిందని ఏడ్చేదాన్ని. ఇక్కడేమో సాగర్ రోడ్డు, రాళ్ల గుట్టలు, తుమ్మలు. కృష్ణ ఒడ్డున పెరిగిన కళ్లకి నీళ్లంటే పెద్దచెరువు ఒక్కటే. 1550 నుంచి 1580 దాకా గోలకొండనేలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరే ఊరికీ, చెరువుకీ. అదీ నిండిన ఏళ్లకంటే ఎండిన ఏళ్లే ఎక్కువ. 2022 వానలకి దశాబ్దాల తర్వాత అలుగు పారితే ఊరంతా పండగలా చూడ్డానికి పోయింది.

మా అత్తగారు వంటింట్లో అడుగుపెట్టేవారు కారు. కాపురానికొచ్చిన వారానికే కనిపెట్టాను. తెల్లారకముందే కర్ర పట్టుకుని పొలం పోయేవారు. చీకటి పడ్డాక వచ్చి పెట్టింది తిని, వాకిట్లో మంచం వేసుకుని పడుకునేవారు. నోరు విప్పితే ముళ్లే. ఉప్పెక్కువైతే, "చెరువంత ఉప్పు పోసినవా?" అనేవారు. మా అమ్మకి పేజీలు పేజీలు రాశాను, ఆడపుట్టుక పుట్టి వంట రాదు ఈవిడకి అని. ఆ ఉత్తరాలన్నీ మాత్రం సరిగ్గానే చేరాయి.

పొలం గట్టు చుట్టూ నాగజెముడు కంప ఆవిడ చేత్తో నాటిందే. ఒక ఎండాకాలం నా అరికాల్లో రేగుముల్లు దిగి విరిగింది. కుంటుతుంటే చూసి, గట్టు మీద కూర్చోబెట్టి, నాగజెముడు ముల్లు ఒకటి విరిచి దాంతోనే ఆ ముల్లు తీశారు. కలబంద చీల్చి గుజ్జు పెట్టారు. నేను, "ఈ పాడు కంప ఎందుకత్తయ్యా, కొట్టించేయరాదూ" అన్నాను. ఆవిడ నా కాలు వదలకుండానే, "మెత్తగుంటె మేకలు మేస్తయి బిడ్డా. ముల్లున్నదే మేలు" అన్నారు.

కంప గురించి అన్నారనుకున్నాను.

మనవరాలు ఆ కంప దగ్గరే పుస్తకం విప్పింది. మనం నాగజెముడు ఆకులనుకునే పచ్చటి అట్టలన్నీ కాండమేనట. ఆకులే ముళ్లయ్యాయి. లేత అట్టల మీద మొదట బియ్యపుగింజల్లా చిన్న పచ్చటి ఆకులు వస్తాయి, కొద్దిరోజుల్లో రాలిపోతాయి. ఆ తర్వాత ముళ్లే. ఎందుకంటే, వేళ్లు తాగిన నీళ్లలో నూటికి తొంభై పాళ్లు పైగా ఆకుల్లోంచి ఆవిరైపోతాయి. తడినేల మీద ఆ ఖర్చు చెల్లుతుంది. ఎండునేల మీద వెడల్పాటి ఆకు పెట్టుకుంటే చెట్టు దివాలా తీస్తుంది. అందుకని ఆకు చిక్కి ముల్లయింది. నీళ్లు మిగిలాయి, మేకలూ దూరంగా ఉన్నాయి.

"మరి వంటో?" అన్నాను. నాకెప్పుడూ అదే రంధి.

"కాండం చేస్తుంది నానమ్మా. అందుకే అది పచ్చగా ఉంది."

గట్టు మీద కూలబడ్డాను. మా మామగారు పోయేనాటికి మావారికి తొమ్మిదేళ్లు, ఆడబిడ్డకి నాలుగు. చెరువు కింద నాలుగెకరాల మీద దాయాదుల కన్ను. పెదకర్మ కాకముందే ఒకాయన గట్టు జరిపాడట. ఆ రాత్రే అత్తగారు పొయ్యిని ముసలి అత్తకి ఒప్పజెప్పి, పొలంలో మంచం వేసుకుని పడుకున్నారట. ఇదంతా మావారు చెప్తూండగా ఎన్నిసార్లు విన్నానో. విని, ఆవిడ ధైర్యాన్ని మెచ్చుకుని, మళ్లీ వంట రాదని రాసేదాన్ని. రెండూ ఒకటే సంగతని నాకు తట్టలేదు.

పిల్ల మాత్రం పాఠం తప్పనివ్వలేదు. "ఏ ఆకూ పొద్దున్నే లేచి ముల్లయిపోదామనుకోదు నానమ్మా. కొన్ని లక్షల ఏళ్లలో, ఎన్నో తరాల్లో, ఎండకి తట్టుకున్నవి మిగులుతూ మిగులుతూ అలా అవుతాయి" అంది. నిజమే. చెట్లకి అంత వ్యవధి ఉంది. మా అత్తగారికి ఒక్క రాత్రే ఉంది.

కంపలో అల్లుకుని అడవినాభి ఎర్రగా, పసుపుగా పూసింది. దుంప విషం కాబట్టి పెకలించకుండా చూశాం. ఆకులు ఆకుల్లాగే ఉంటాయి, వంట చేస్తూనే ఉంటాయి. కొస మాత్రం సన్నటి నులితీగై పక్క కొమ్మని చుట్టుకుంటుంది. ఒక చేత్తో గరిటె తిప్పుతూ, ఇంకో చేత్తో పిల్లాణ్ని పట్టుకున్నట్టు. బఠాణీ తీగలో అయితే చివరి రెబ్బలు పూర్తిగా నులితీగలైపోతాయట. పురుగుల్ని పట్టే ఆకులూ ఉన్నాయి. డ్రోసెరా అనే చిన్న మొక్క మన తెలుగునేల మీద కూడా తడి ఇసుక నేలల్లో బతుకుతుంది. ఆకు మీద వెంట్రుకలు, వాటి కొసల్లో మంచుబొట్టులా జిగురు. మేఘాలయలో ఒక మొక్కకి ఆకే మూతపెట్టిన కూజా అవుతుంది. ఇవి వంట రాక పురుగుల్ని పట్టడం లేదు. ఆ నేలలో నత్రజని కరువు. వండుకున్నదాంట్లో లేనిదేదో బయటనుంచి తెచ్చుకుంటున్నాయి.

ఇంటికొచ్చి కుండీలో రణపాల మొక్క చూశాం. ఆ ఆకు తుంచి మట్టి మీద పడేస్తే అంచుల నొక్కుల్లోంచి పిల్లమొక్కలు లేస్తాయి. ఆకే పురుడు పోస్తుంది. అయితే నన్ను కదిలించింది అది కాదు. బెంజమిన్ హైన్ అని ఒక వైద్యుడుండేవాడట, మన సామర్లకోట తోటలో కొన్నేళ్లు పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన రణపాల ఆకు నమిలి చూసి 1813లో ఒక ఉత్తరం రాశాడు. పొద్దున్న పుల్లగా ఉంది, మధ్యాహ్నానికి రుచే లేదు, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంది అని. రహస్యం తర్వాత తేలింది. మామూలు ఆకులు పగలు పత్రరంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. రణపాల, నాగజెముడు లాంటివి ఎండలో తెరిస్తే ఉన్న నీళ్లు పోతాయని పగలు తలుపులేసుకుంటాయి. రాత్రి చల్లబడ్డాక తెరిచి, కావలసిన గాలి తెచ్చుకుని, పులుపుగా మార్చి దాచుకుంటాయి. పగలు ఆ పులుపుని తీసి, ఎండ మీద వండుతాయి.

ఇలాంటి పరీక్షంటే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? మర్నాడు పొద్దున్నే ఒక ఆకు ముక్క నాలిక మీద పెట్టుకున్నాను. పచ్చి మామిడికాయ జ్ఞాపకం వచ్చే పులుపు. మధ్యాహ్నం అదే మొక్కది ఇంకో ముక్క. చప్పగా ఉంది!

అప్పుడు కోడలి గది తలుపు మూసి ఉంది. కిటికీలకి పరదాలు. 2020 లాక్‌డౌన్‌లో మా అబ్బాయి కొట్టు మూతపడింది. మళ్లీ తెరుచుకోలేదు. ఇంటి అప్పు వాయిదా, పిల్ల ఫీజు, మావారి మందులు అన్నీ ఆ మూసిన తలుపు వెనకనుంచే వస్తున్నాయి. రాత్రి తెచ్చింది పగలు మేమందరం తింటున్నాం. వాయిదా కట్టినట్టు ఫోన్‌లో వచ్చే కబురు నాకూ తెలుసు. తెలిసీ, పగటి నిద్రని మాత్రమే లెక్కపెట్టాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. అయిదేళ్లుగా మా అబ్బాయి పగలంతా ఇంట్లోనే ఉంటున్నాడు, ఎప్పుడైనా ఒక కమిషన్ పనికి తప్పిస్తే. వాడికి వంటిల్లు ఏ దిక్కున ఉందో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ రాత్రి మూడున్నరకి కారు చప్పుడు వినగానే లేచి తలుపు తీశాను. కోడలు కంగారుపడింది, "ఏమైంది అత్తమ్మా, మామయ్యకి బాగా లేదా?" అంటూ. ఏమీ లేదన్నాను. టీ పెట్టి ఇచ్చాను. ఇద్దరం వంటింటి గడప దగ్గర కూర్చున్నాం. తప్పయిపోయిందమ్మా అనాలని మాట కూర్చుకునే కూర్చున్నాను. తీరా నోటికొచ్చింది వేరే.

"ఉల్లిపాయ ఆకులట, తెలుసా?"

అది నవ్వింది. పన్నెండు రోజుల తర్వాత. "తెలుసు అత్తమ్మా. నేనూ బైపీసీనే. పాప రికార్డు బొమ్మల్లో సగం నేను దిద్దినవే, పొద్దున పడుకోబోయే ముందు."

నాకు తల కొట్టేసినట్టయింది. పద్ధెనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. కంప్యూటర్లకి ముందు ఏం చదివావని ఎప్పుడూ అడగలేదు. డాక్టరు చదవాలనుకుందట. రెండుసార్లు ఎంసెట్ రాసిందట. సీటు రాలేదు, మూడోసారి రాయించే స్తోమత వాళ్ల నాన్నకి లేకపోయింది. ఇవన్నీ టీ తాగుతూ మామూలుగా చెప్పింది.

"నీకిష్టమైతే ఆ రణపాల కొమ్మొకటి నీ కిటికీలో పెట్టుకో" అన్నాను. ఎందుకన్నానో దానికర్థమైందో లేదో నేను చెప్పలేను. గ్లాసు తీసుకుని కడగబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

తెల్లారాక మా అబ్బాయిని పిలిచి కత్తిపీట ముందు కూర్చోబెట్టాను. "ఉప్మాకి రెండు ఉల్లిపాయలు తరుగు."

"నేనా!" అన్నాడు.

"నువ్వే. ఆకులు ముళ్లయిన చెట్టుకి కాండం పచ్చబడాలట. మీ అమ్మాయిని అడుగు."

వాడికేం అర్థంకాక, బరబరా తరుగుతూ, కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. మావారు పేపరు దించి, కొడుకు ముఖం చూసి కంగారుపడ్డారు. "ఏమయిందిరా, ఎందుకేడుస్తున్నావు?"

"ఉల్లిగడ్డ నాన్నా" అన్నాడు వాడు.

ఆయన నా వైపు చూశారు. నలభై అయిదేళ్లుగా తను వింటున్న జవాబు అది. నేను మాట్లాడకుండా బాణలి పొయ్యి మీద పెట్టాను.